పితికిపప్పు లెక్క

బోర్డు మీద హళ్ళి, మా నోట్లో పల్లి.
దాసగానపల్లి. గుంజూరు దాటినాక
నీళ్ల ట్యాంకర్లు మలుపు తిరిగే చోట.

పోయిన ఏప్రిల్‌లో పిల్లన్న పోయినాడు.
కూతురు సూరత్ నుంచి రైల్లో రావాల, రెండు రాత్రులు.
ఐసు దిమ్మెలు తెచ్చినాం,
పొట్టు చల్లినాం, గోనె కప్పినాం.
తెల్లారేసరికి నీళ్లు గడప దాటి
వీధిలోకి వచ్చినాయి.
తొక్కకుండా పక్కకు దూకిన పిల్లల్ని
ఎవరూ తిట్టలేదు.

అందుకే ఈ ఊట.
అందుకే నిన్న రాత్రి బడి వరండాలో
నానబెట్టిన అనపగింజలు ముందేసుకుని
ముప్పైమంది కూచున్నాం.
బొటనవేలితో నొక్కితే
తోలు ఒకపక్క, పప్పు ఒకపక్క.
ఒక గింజ ఎగిరి చౌడప్ప చొక్కా జేబులో పడింది.
"చందా మొదలైంది, రాసుకో" అన్నాడు నాతో.

లెక్కపుస్తకం నాది.
నేను పది తప్పింది లెక్కల్లోనే అని
ఊరందరికీ తెలుసు. అయినా నాకే ఇచ్చినారు.

గ్యాసు బండలు రెండు: ఒకటి ఊరికే ఇచ్చినాడు మునియల్లప్ప,
రెండోదీ ఊరికే అనుకున్నాం, కాదు.
రాగిపిండి మిల్లు వాళ్లది.
ప్లేటు ఎనభై: ముద్ద, పితికిపప్పు, ఒక అప్పళం.
రెండో అప్పళం అడిగినోడికి
మొహం చూసి ఇయ్యాల.

గుర్రమ్మవ్వ మూడు టోకెన్లు కొన్నాది,
తిన్నది ఒకటే.
"మిగతా రెండూ నా బాడుగ. ముందే కట్టేస్తాండా.
నన్ను పండబెట్టినాక కరెంటు పోకుండా చూడండి."
వడ్డించే పిల్లోడు నవ్వలేక
గరిటె పులుసులో వదిలేసినాడు.

ఇంతమంది దుడ్డు పోసి కొనేది
మా ఇంటికి రాకూడదని మొక్కుకునే వస్తువు.
పాట పెడితే ఊళ్లో ఒక్కడూ పాడడు.

మధ్యాహ్నం టవర్ల జనం దిగినారు.
చౌడప్ప ఫోను టింగు టింగుమంటానే ఉండాది.
ఒకామె, మాటకొక 'అండీ' ఉన్న తెలుగు.
"దేనికండీ ఈ డబ్బులు?"
"పెట్టెకు."
"ఏం పెట్టె?"
"చల్లపెట్టె."
"ఓహో, బడిపిల్లల ఐస్‌క్రీములకా?"

వరస వరసంతా ముద్ద మింగడం ఆపింది.
చెప్పినాను.
ఆమె ప్లేటు కింద పెట్టింది. పోతుందేమో అనుకున్నా.

"ఆషాఢంలో మా మామగారండీ. పంతొమ్మిదో అంతస్తు.
పెట్టె తెప్పించాం, లిఫ్టులో పట్టలేదు.
ఆయన్నే దుప్పట్లో మెట్ల మీదుగా దించారు.
రాత్రంతా పార్కింగులో, మా కారు పక్కన."
ప్లేటు మళ్లీ చేతిలోకి తీసుకుంది.
"మీ పెట్టె పొడుగెంతండీ?"

ధర అడిగినాం, వారంటీ అడిగినాం,
చక్రాలుంటాయా అని రెండుసార్లు అడిగినాం.
పొడుగు అడగలేదు.
మాకు పైఅంతస్తులు లేవు,
ఉన్నా ఆ ఇళ్లలో చావుంటుందని తోచలేదు.

గిన్నెలు తోమినాక కూడినాను.
మూడుసార్లు కూడితే మూడు మొత్తాలు.
"నడిమిది నిజం" అన్నాడు చౌడప్ప.
ఏది నిజమైనా పదకొండువేలు తక్కువే.
మళ్లీ ఒక ఆదివారం, మళ్లీ రెండు మూటల అనపకాయలు.

రాత్రి తొమ్మిదికి ఇద్దరం గేటు కాడికి పోయినాం.
సెక్యూరిటీ పుస్తకంలో పేర్లు రాసినాం,
'ఎవరింటికి' అన్నచోట పంతొమ్మిది,
'ఏం పని' అన్నచోట ఏమీ తోచక
'కొలత' అని.
లిఫ్టులో ఆ మూల ఆయన, ఈ మూల నేను,
మధ్యలో వడ్రంగి టేపు.
గోళ్లలో ఇంకా అనపతోలు వాసన.

తలుపు దానంతటదే మూసుకుంది.
పైన ఎవరో బటన్ నొక్కినట్టున్నారు.
టేపు వదలకుండా
అట్లే పైకి పోయినాం.